జాతీయ దినపత్రిక ఎవరిది, ఎవరికి జవాబుదారీ, ఎవరి కోసం?

హనుమకొండలో పీజీ చదువుతున్న ఒక విద్యార్థి ప్రశ్న ఇది: ‘ఇంగ్లిష్ నేషనల్ డైలీ ఒకటి తీసుకొని దాని యాజమాన్యం, దాని మీద నియంత్రణ, దాని పాఠకులు, ఈ మూడింటి మీద సెమినార్ ఇవ్వమన్నారు. ఓనర్ ఫలానా కంపెనీ, రెగ్యులేటర్ ప్రెస్ కౌన్సిల్, పాఠకులు చదువుకున్న మధ్యతరగతి అని రాస్తే సరిపోతుందా? అదే పేపర్లో మా వరంగల్ వార్తలు ఎందుకు సరిగ్గా రావు?’

సరిపోదు తమ్ముడూ. మార్కులు పడతాయేమో గానీ, అలా రాస్తే మూడు జవాబులూ దేనికదే పడి ఉంటాయి. నేను తెలుగు పత్రికల డెస్కుల్లో, అంటే వార్తలు దిద్ది పేజీలు కట్టే చోట, పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఇక్కడే, కొంతకాలం హైదరాబాద్‌లో. డెస్కు కుర్చీలోంచి చూసినవాడిగా చెప్తున్నా, ఈ మూడూ కలిసేది ఒక్కచోటే: ఆ కాగితం ఖర్చు ఎవరు భరిస్తున్నారన్న దగ్గర. అది పట్టుకుంటే మిగతాది దారిన పడుతుంది.

ముందు పేపర్ చేతిలోకి తీసుకోండి. చివరి పేజీ అడుగునో, లోపల ఏదో ఒక పేజీ అడుగునో చీమల బారులా ఒక లైను ఉంటుంది. దాన్ని ఇంప్రింట్ లైన్ అంటాం. ఎవరి తరఫున, ఎవరు ముద్రించి ప్రచురించారు, ఏ ప్రెస్సులో, ఏ చిరునామాలో, ఎడిటర్ ఎవరు, రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత అన్నీ అందులో ఉంటాయి. ఎడిటర్ పేరు పక్కన చుక్క గుర్తు ఉంటే దాని వివరణ కూడా చదవండి: ‘చట్టం ప్రకారం వార్తల ఎంపికకు బాధ్యులు’. పెద్ద పత్రికల్లో చీఫ్ ఎడిటర్ ఢిల్లీలోనో చెన్నైలోనో ఉంటారు, ఆ చుక్క మాత్రం చాలాసార్లు ఇక్కడి ఎడిషన్ చూసే రెసిడెంట్ ఎడిటర్ పేరు పక్కన ఉంటుంది. అంటే రేపు వరంగల్ కోర్టులో ఎవరైనా పరువునష్టం కేసు వేస్తే ముందుగా నోటీసు అందుకునేది ఆయన, ఆయనతో పాటు ప్రింటర్, పబ్లిషర్. అసలు యజమాని ఆ లైనులో కంపెనీ పేరు వెనక ఉంటాడు.

ఇలా ఎందుకుందంటే ఆ లైను పుట్టిందే అందుకు. 1867లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రెస్సులు, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది. అప్పటికి 1857 జరిగి పదేళ్లు. వాళ్లకు కావలసింది ఏదైనా రాత నచ్చకపోతే పట్టుకోవడానికి ఒక మనిషి, ఒక చిరునామా. పత్రిక వెనక పెట్టుబడి ఎవరిదన్నది వాళ్లకు పెద్దగా పట్టలేదు. ఆ చట్టం మనతో 150 ఏళ్లకు పైగా నడిచింది. 2023లో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది, 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. కలెక్టరేట్ చుట్టూ తిరిగి డిక్లరేషన్ ఇచ్చే పద్ధతి పోయి ఆన్‌లైన్ దరఖాస్తు వచ్చింది. రిజిస్ట్రార్ ఆఫ్ న్యూస్‌పేపర్స్ ఇప్పుడు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ అయ్యారు. చిన్నచిన్న తప్పులకు జైలు తీసేసి జరిమానాలు పెట్టారు. ఉగ్రవాద, చట్టవ్యతిరేక కార్యకలాపాల కేసుల్లో శిక్ష పడినవారు పత్రిక పెట్టకూడదన్న నిబంధన చేర్చారు. బాధ్యుడు దొరకాలన్న మూల ఉద్దేశం మాత్రం మారలేదు.

రిజిస్ట్రేషన్ నంబర్ కూడా ఊరికే వదిలేయకండి. ఎక్కువ నంబర్లలో ముందు రాష్ట్రం, తర్వాత భాష, తర్వాత సంవత్సరం ఉంటాయి. మరీ పాత పత్రికలకు రాష్ట్రం ఊసే లేకుండా ఒక అంకె, దాని పక్కన 57 అని ఉంటుంది. పత్రికల రిజిస్ట్రార్ కార్యాలయం 1956 జులైలో మొదలైంది, ఆ వెంటనే నమోదైనవి అవి. ఇంకో సంగతి, వేరే ఊరి నుంచి ప్రచురించే ఎడిషన్‌కు వేరే రిజిస్ట్రేషన్ కావాలి. కాబట్టి చట్టం దృష్టిలో ‘ఒక నేషనల్ పేపర్’ అంటే ఒకే పేరుతో ఉన్న చాలా పత్రికలు. రిజిస్ట్రేషన్ చట్టంలో జాతీయ పత్రిక అనే తరగతే లేదు. ఆ మాట ఎక్కడ దొరుకుతుందో పాఠకుల దగ్గరికి వచ్చినప్పుడు చెప్తా.

ఇక యజమాని. 1956 నాటి నిబంధనల కింద ప్రతి పత్రికా ఏటా ఫిబ్రవరి ముగియగానే ఫారం–4 అనే ప్రకటన అచ్చేయాల్సి ఉండేది. మొత్తం పెట్టుబడిలో 1 శాతం కంటే ఎక్కువ వాటా ఉన్నవాళ్ల పేర్లు, చిరునామాలు అందులో ఉంటాయి. లైబ్రరీలో పాత మార్చి నెల సంచికలు తిరగేస్తే ఏదో మూల దొరుకుతుంది. వాటాదారుగా ఇంకో కంపెనీ పేరు కనిపిస్తే అక్కడితో ఆగొద్దు. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ సైట్‌లో 100 రూపాయల ఫీజు కట్టి ఆ కంపెనీ పత్రాలు చూడొచ్చు. సెమినార్లో ఆ ఒక్క పని చేసినవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను.

ఉదాహరణకు ‘ది హిందూ’ను తీసుకోండి, మన దగ్గర పోటీపరీక్షల పిల్లలందరికీ తెలిసిందే కదా. 1878లో మద్రాసులో ఆరుగురు కుర్రాళ్లు కలిసి వారపత్రికగా పెట్టారు. 1889లో దినపత్రిక అయింది. 1905లో కస్తూరి రంగ అయ్యంగార్ అనే వకీలు కొన్నారు. అప్పటి నుంచి ఆ కుటుంబం చేతిలోనే ఉంది. అన్నదమ్ముల పిల్లలు, వాళ్ల పిల్లలు వాటాదారులు. 2011లో మొదటిసారి కుటుంబం బయటి వ్యక్తి సిద్ధార్థ్ వరదరాజన్‌ను ఎడిటర్‌ను చేశారు. 2013లో బోర్డు మళ్లీ కుటుంబ సభ్యులకే సంపాదకత్వం అప్పగించాలని నిర్ణయించింది, ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్నది పక్కన పెట్టండి. ఎడిటర్ ఎవరుండాలో తేల్చేది బోర్డు, బోర్డులో ఎవరుండాలో తేల్చేది వాటాలు. మీ సెమినార్లో యాజమాన్యం అనే అధ్యాయానికి దీనికి మించిన ఉదాహరణ అక్కర్లేదు.

‘టైమ్స్ ఆఫ్ ఇండియా’ 1838 నాటిది. దాని కంపెనీ బెనెట్ కోల్‌మన్‌ను 1946లో రామకృష్ణ దాల్మియా కొన్నారు, తర్వాత అది ఆయన అల్లుడి వైపు సాహు జైన్ కుటుంబానికి వచ్చింది. ఈ రెండు కంపెనీలూ స్టాక్ మార్కెట్లో లేవు, కాబట్టి బయటివాళ్లు వాటిలో షేర్లు కొనలేరు. ‘హిందుస్థాన్ టైమ్స్’ నడిపే హెచ్‌టీ మీడియా మాత్రం లిస్టెడ్ కంపెనీ, పగ్గాలు బిర్లా కుటుంబం ఆడపడుచు శోభన భర్తియా చేతిలో ఉన్నాయి. ఇక్కడ విద్యార్థులు తరచూ పొరబడేది ఎక్స్‌ప్రెస్ దగ్గర. రామ్‌నాథ్ గోయెంకా 1991లో చనిపోయాక ఆ సంస్థ రెండుగా చీలింది. ఢిల్లీ, ముంబై వైపు ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ ఒకరిది, దక్షిణాదిన ‘న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ ఇంకొకరిది. కాజీపేట స్టేషన్లో మనం కొనేది రెండోది. ఫోన్లో మొదటిదాని ‘ఎక్స్‌ప్లెయిన్డ్’ పేజీ చదివి ఆ పేరుతో ఇక్కడి పేపర్ మీద రాస్తే, ఒకరి పత్రిక గురించి ఇంకొకరి ఖాతాలో రాసినట్టే.

ట్రస్టు చేతిలో ఉన్నవీ ఉన్నాయి. చండీగఢ్ ‘ట్రిబ్యూన్’ అలాంటిది. లండన్ ‘గార్డియన్’ వెనక 1936లో పెట్టిన స్కాట్ ట్రస్టు ఉంది. ట్రస్టు ఉంటే లాభాలు పంచుకునేవాళ్లు ఉండరు. కాగితం బిల్లు మాత్రం అందరికీ ఒకటే వస్తుంది.

మన తెలుగు పత్రికల్లో ఏది ఎవరిదో, ఎవరి వైపు మొగ్గుతుందో చాయ్ హోటల్లో కూర్చున్న పెద్దమనిషి కూడా చెప్తాడు. ‘సాక్షి’, ‘నమస్తే తెలంగాణ’, ‘ప్రజాశక్తి’, ‘నవ తెలంగాణ’ల విషయంలో దాపరికం ఏమీ లేదు. అందుకే మన పాఠకుడు రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి, రెండిట్లోంచీ తీసేయాల్సింది తీసేసి చదవడం నేర్చుకున్నాడు. ఇంగ్లిష్ పత్రిక విషయంలో ఆ జాగ్రత్త ఉండదు. ఢిల్లీలోనో చెన్నైలోనో ఉన్న యజమానికి ఇంకే వ్యాపారాలున్నాయో ఇక్కడ ఎవరూ అడగరు. నా దృష్టిలో అడగాల్సిన ప్రశ్న అదే. ఒకే సంస్థకు పేపర్, టీవీ, రేడియో, సైట్ అన్నీ ఉండొచ్చా అన్నదానికి మన దేశంలో సమగ్రమైన చట్టం లేదు. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 2009లో ఈ విషయం మీద అధ్యయనం చేసి కేంద్రానికి ఇచ్చింది. 2014లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా హద్దులు పెట్టాలని సిఫారసు చేసింది. రెండూ ఫైళ్లలోనే ఉన్నాయి. గట్టిగా ఉన్న హద్దు ఒక్కటే, విదేశీ పెట్టుబడికి. 1955లో కేంద్ర కేబినెట్ పూర్తిగా వద్దంది. 2002లో వార్తాపత్రికల్లో 26 శాతం దాకా అనుమతించారు, ఎడిటోరియల్ పగ్గాలు ఇక్కడే నివసించే భారతీయుల చేతిలో ఉండాలన్న షరతుతో.

నియంత్రణ దగ్గర పుస్తకాల్లో ఉండేదీ, డెస్కులో ఉండేదీ వేరు. పుస్తకం సంగతి ముందు. రాజ్యాంగంలో పత్రికలకంటూ విడిగా అధికరణం లేదు. అందరికీ ఉన్న 19(1)(ఎ) భావప్రకటన స్వేచ్ఛే వాటికీ. దాన్ని సుప్రీంకోర్టు డబ్బు లెక్కలకు ఎలా అన్వయించిందో చూడండి, చాలా ఆసక్తిగా ఉంటుంది. పెద్ద పత్రికలు తక్కువ ధరకు ఎక్కువ పేజీలిచ్చి చిన్నవాటిని మింగేస్తున్నాయని, ఇన్ని పేజీలకు ఇంత ధర అని ప్రభుత్వం 1960లో ఉత్తర్వు తెచ్చింది. పుణెకు చెందిన మరాఠీ పత్రిక ‘సకాళ్’ కోర్టుకెళ్లింది. పేజీలు తగ్గిస్తే పాఠకుడికి చేరే మాట తగ్గుతుంది, ధర పెంచితే పాఠకులే తగ్గుతారు, ఎటు చూసినా అది భావప్రకటన మీద దెబ్బే అని కోర్టు ఉత్తర్వును కొట్టేసింది. 1972లో న్యూస్‌ప్రింట్ (పత్రిక కాగితం) కోటా పేరుతో పది పేజీలకు మించొద్దన్నప్పుడు బెనెట్ కోల్‌మన్ కేసులోనూ అదే జరిగింది. స్వేచ్ఛ గెలిచింది, బాగానే ఉంది. ధరలు కోసి పోటీపత్రికను దెబ్బతీసే స్తోమత ఉన్నవాళ్లకూ అదే తీర్పు అక్కరకొచ్చింది. ఈ రెండో సగం మన జర్నలిజం క్లాసుల్లో సాధారణంగా వినిపించదు.

ప్రెస్ కౌన్సిల్ 1966లో మొదలైంది. ఎమర్జెన్సీలో రద్దు చేశారు, 1978 చట్టంతో మళ్లీ వచ్చింది. ఛైర్మన్ కాక 28 మంది సభ్యులు: జర్నలిస్టులు, యజమానులు, ఎంపీలు, యూజీసీ, బార్ కౌన్సిల్, సాహిత్య అకాడమీ ప్రతినిధులు. మీరు ఫిర్యాదు చేయాలంటే ముందు ఎడిటర్‌కు ఉత్తరం రాయాలి, కాపీ దాచుకోవాలి. దినపత్రిక అయితే వార్త వచ్చిన 2 నెలల్లోపు కౌన్సిల్‌కు పంపాలి. వార్త క్లిప్పింగ్, తెలుగుదైతే అనువాదం, ఈ విషయం మీద కోర్టులో కేసు లేదన్న డిక్లరేషన్ జతచేయాలి. ఫీజేమీ లేదు. విచారణ జరిపి తప్పని తేలితే కౌన్సిల్ హెచ్చరిస్తుంది, మందలిస్తుంది, అభిశంసిస్తుంది. అంతే. జరిమానా వేయలేదు, పేపర్ ఆపలేదు. అందుకే కోరల్లేని పులి అని పేరొచ్చింది. పేరు న్యాయమే, కానీ కోరలిస్తే వాటిని ముందు వాడేది ఎవరన్నది కూడా ఆలోచించాలి. నేనైతే కోరలు వద్దనే అంటాను.

బ్రిటన్‌లో దారి వేరు. పత్రికలవాళ్లు జనం ఫోన్లు హ్యాక్ చేసిన గొడవ తర్వాత 2014లో పత్రికలే ఇప్సో అనే సంస్థ పెట్టుకున్నాయి. ‘గార్డియన్’, ‘ఫైనాన్షియల్ టైమ్స్’ అందులో చేరకుండా సొంత ఏర్పాటు చేసుకున్నాయి. మన దగ్గర ‘ది హిందూ’ 2006లో రీడర్స్ ఎడిటర్ (పాఠకుల ఫిర్యాదులు చూసే ఎడిటర్) పదవి పెట్టింది. తప్పులు దిద్దుతూ రోజూ ఒక చిన్న బాక్సు వేస్తుంది. తెలుగు పత్రికల్లో సవరణ వేయించడానికి డెస్కులో మేం పడిన పాట్లు తలుచుకుంటే ఆ బాక్సు మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

ఇప్పుడు డెస్కు సంగతి. రాత్రి పేజీలు వదిలే టైమ్‌లో ప్రెస్ కౌన్సిల్ పేరు ఎవరి నోటా వినలేదు. టెన్షన్ పుట్టించేవి రెండే. ఒకటి వకీలు నోటీసు. పరువునష్టం మన దగ్గర సివిలే కాదు, క్రిమినల్ కేసు కూడా. భారతీయ న్యాయ సంహిత 356 కింద 2 ఏళ్ల దాకా జైలు. పెద్ద పత్రికకు లీగల్ విభాగం ఉంటుంది, వాయిదాలు వాళ్లు చూసుకుంటారు. వార్త రాసిన విలేకరి మాత్రం ఉన్న ఊళ్లో పని మానుకొని కోర్టు మెట్లెక్కాలి. ఆ భయంతో రాయకుండా ఆగిన వార్తలే ఎక్కువ. పిల్లల మీద లైంగిక నేరాల (పోక్సో) కేసుల్లో పిల్లల గుర్తింపు బయటపడకూడదన్నట్టి చట్టాలూ ఉన్నాయి, అవి న్యాయమైన భయాలు. అక్కడ డెస్కు ఊరి పేరు కూడా తీసేస్తుంది.

రెండోది యాడ్స్ విభాగం నుంచి వచ్చే ఫోన్. కేంద్ర ప్రభుత్వ ప్రకటనలు సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్ ద్వారా వస్తాయి, దాన్నే పాతవాళ్లు డీఏవీపీ అంటారు. రేటు సర్క్యులేషన్‌ను బట్టి, చదరపు సెంటీమీటరుకు ఇంత అని ఉంటుంది. రాష్ట్రానికి సమాచార శాఖ ఉంది. ఏ చట్టంలోనూ ‘ఈ వార్త రాస్తే ప్రకటనలు ఆపేస్తాం’ అని ఉండదు. ఆపడానికి చట్టం అక్కర్లేదు కూడా. ప్రైవేటు ప్రకటనదారుడిదీ అదే బలం. పత్రిక తన మీద తాను పెట్టుకునే అదుపుల్లో ఎక్కువ భాగం ఇక్కడ పుడతాయని నా నమ్మకం, ఇది మీ సిలబస్‌లో దొరకదు.

ఇది ఎంత దూరం వెళ్లగలదో 2009 ఎన్నికల్లో చూశాం. నేనప్పుడు పనిచేస్తున్న డెస్కుకు, ఆ పత్రిక పేరు ఇక్కడ వద్దు, యాడ్స్ వాళ్ల నుంచి తయారు మేటర్ వచ్చేది. హెడ్డింగ్, ఫొటో అన్నీ సిద్ధంగా, ‘కామా కూడా మార్చొద్దు’ అన్న చీటీతో. ఒక రోజు ఒకే పేజీలో పైన ఒక అభ్యర్థికి పల్లెల్లో బ్రహ్మరథం, కింద ఆయన ప్రత్యర్థికి అవే పల్లెల్లో నీరాజనం. ఇద్దరిదీ బంపర్ మెజారిటీయే. బైలైన్ (రాసినవారి పేరు) లేదు, ‘ప్రకటన’ అన్న మాట లేదు. ఇదంతా దేశమంతా జరుగుతోందని గొడవైతే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో సబ్‌కమిటీ వేసింది. వారిలో ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, ఇంకొకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్‌రెడ్డి. 2010లో వాళ్లు పత్రికల పేర్లతో సహా నివేదిక ఇస్తే, కౌన్సిల్ దాన్ని పూర్తిగా బయటపెట్టలేదు. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే 2011లో బయటికొచ్చింది. కౌన్సిల్లో యజమానుల ప్రతినిధులు కూడా కూర్చుంటారని పైన రాశాను కదా, దాన్ని ఇక్కడికి జోడించుకోండి. ఇప్పుడు ఎన్నికలప్పుడు జిల్లాకో మీడియా కమిటీ ఉంది, అనుమానం వచ్చిన వార్తను అభ్యర్థి ఖర్చులో కలపొచ్చు.

పాఠకుల దగ్గరికి వద్దాం. పేపర్ రెండుసార్లు అమ్ముడవుతుంది. ఒకసారి మీకు, కవర్ ధరకు. అందులో ఏజెంట్ కమీషన్, బండి కిరాయి పోతే మిగిలేది కాగితం ఖర్చుకే చాలదు. దిగుమతి న్యూస్‌ప్రింట్ మీద 2019 బడ్జెట్‌లో 10 శాతం సుంకం వేస్తే యాజమాన్యాలన్నీ ఒక్కటై మొత్తుకున్నాయి, మరుసటి ఏడు 5కు తగ్గించారు. రెండో అమ్మకం ప్రకటనదారుడికి. అక్కడ సరుకు మీరే.

ఆ సరుకును తూచే రాళ్లున్నాయి. ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయో ఏబీసీ అనే ఆడిట్ బ్యూరో లెక్కిస్తుంది, ఇది 1948 నుంచి ఉంది, ఆరు నెలలకోసారి సర్టిఫికెట్ ఇస్తుంది. ఎంతమంది చదువుతున్నారో, వాళ్లెవరో ఇండియన్ రీడర్‌షిప్ సర్వే చెప్పేది. 2019 చివరి లెక్కల తర్వాత కోవిడ్‌తో అది ఆగింది. ఆ లెక్కల్లో దేశంలోని మొదటి పది పత్రికల్లో ఇంగ్లిష్‌ది ఒక్క ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’నే, మిగతావి హిందీ, ప్రాంతీయ భాషలవి. అయినా ప్రకటన రేట్లలో ఇంగ్లిష్ పత్రికకు దక్కే విలువకూ పాఠకుల తలల లెక్కకూ పొంతన ఉండదు. కారణం, లెక్క తలలది కాదు, ఇళ్లది. 2011లో తెచ్చిన వర్గీకరణ ఒకటుంది. ఇంట్లో ప్రధానంగా సంపాదించే మనిషి చదువు, 11 వస్తువుల్లో ఆ ఇంట్లో ఉన్నవెన్ని, ఈ రెండింటితో ప్రతి ఇంటినీ ఏ1 నుంచి ఈ3 దాకా 12 మెట్లలో ఒకదాని మీద పెడతారు. కరెంటు కనెక్షన్, సీలింగ్ ఫ్యాన్, గ్యాస్ స్టవ్, బండి, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కంప్యూటర్, కారు, ఏసీ, పదకొండోది సాగుభూమి.

మన ఊళ్లో పెట్టి చూడండి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొనే వ్యాపారి చదివింది పదో తరగతి, ఇంట్లో పదకొండుకు పదకొండూ ఉన్నాయి. సుబేదారిలో రిటైర్డ్ లెక్చరర్ చదివింది ఎమ్మే, కారు లేదు, ఏసీ లేదు, ఊళ్లో భూమి తమ్ముడికే వదిలేశాడు. ఎడిటోరియల్ పేజీ అక్షరం వదలకుండా చదివేది లెక్చరర్ గారు. కారు కంపెనీకి కావలసింది వ్యాపారి, ఆయనేమో ఇంగ్లిష్ పేపర్ ముట్టడు. ఇద్దరినీ వదిలి పత్రిక వల వేసేది ఆ వ్యాపారి గారి అమ్మాయికి: హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంగ్లిష్ చదువు, ఖర్చుపెట్టే చెయ్యి. సిటీ సప్లిమెంట్లలో బొమ్మలు, రెస్టారెంట్లు, విదేశీ చదువుల పేజీలు ఎవరి కోసమో ఇక వేరే చెప్పక్కర్లేదు. ‘చదువుకున్న మధ్యతరగతి’ అని మీరు రాసిన మాట తప్పు కాదు గానీ, అది ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టేస్తుంది.

‘ది హిందూ’ వల కొంచెం వేరు. సివిల్స్, గ్రూప్స్ అభ్యర్థులు, వకీళ్లు, ప్రొఫెసర్లు, ఆఫీసర్లు. అందుకే అంత గంభీరమైన ఎడిటోరియల్ పేజీ, ‘టెక్స్ట్ అండ్ కాంటెక్స్ట్’ లాంటి వివరణ పేజీ. హనుమకొండలో కోచింగ్‌కు వచ్చే పిల్లలు రూముకొక కాపీ వేయించుకొని నలుగురు చదువుతారు. పాఠకుల సర్వేలో ఇది నలుగురు, సర్క్యులేషన్‌లో ఒక్కటి.

జాతీయ పత్రిక అన్న మాట ఎక్కడ దొరుకుతుందో చెప్తానన్నాను. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల్లో ఉంది. లిస్టెడ్ కంపెనీలు తమ ఫలితాల ప్రకటనను దేశమంతటా సర్క్యులేషన్ ఉన్న ఒక ఇంగ్లిష్ జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో వేయాలని. అలాగే అప్పు కట్టని ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుంటే సర్ఫేసీ నిబంధనల ప్రకారం రెండు పత్రికల్లో నోటీసు వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషది. హంటర్ రోడ్డు మీది ప్లాటు వేలం నోటీసు ఇంగ్లిష్ పేపర్లో కనిపించేది అందుకే. దాన్ని చదివి ఎవరైనా వేలానికి వస్తారని కాదు. నిబంధన ఉంది, డబ్బు వస్తుంది. పేజీ పెద్దది కావడం కూడా ఇక్కడే పనికొస్తుంది. లండన్‌లో ‘ది టైమ్స్’ 2004లోనే చిన్న సైజుకు మారింది, ‘గార్డియన్’ 2018లో టాబ్లాయిడ్ అయింది. మన దగ్గర మెయిన్ పేజీలు బ్రాడ్‌షీట్ గానే ఉన్నాయి, మొదటి పేజీ మీద కప్పే జాకెట్ యాడ్‌కు అంత పెద్ద కాగితం కావాలి మరి.

చివరగా వరంగల్ వార్తలు. యాజమాన్యానికి మన మీద కోపం ఏమీ లేదు. ఇక్కడి నుంచి ఇంగ్లిష్ పేపర్‌కు వచ్చే స్థానిక ప్రకటన చాలా తక్కువ, కాబట్టి ఇక్కడికంటూ పేజీ లేదు. తెలుగులో ‘ఈనాడు’ 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టినప్పుడు వార్తలతో పాటు ప్రకటనల లెక్క కూడా మారింది. రాష్ట్రమంతటికీ ప్రకటన ఇవ్వలేని నర్సంపేట బట్టల షాపు, పరకాల స్కూలు తమ జిల్లాకు మాత్రం ఇచ్చుకోగలిగాయి. ఆ డబ్బుతో మండలానికో విలేకరి వచ్చాడు, ఆ విలేకరే యాడ్స్ టార్గెట్ కూడా మొయ్యాల్సి వచ్చింది, అది ఇంకో పెద్ద కథ. ఇంతకంటే ముందు, 1922లో ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు పత్రిక’ తెచ్చారు. యజమానులు వాళ్లే, ఎడిటర్లు వాళ్లే, ప్రెస్సూ వాళ్లదే. పల్లెటూరి నుంచి పత్రిక నడపొచ్చని చూపించారు గానీ, నాలుగైదేళ్ల పైచిలుకు నడపడానికి పాఠకుల చందాలు ఎవరికీ చాలవని కూడా అదే చెప్తుంది.

ఇంకో కారణం గడియారం. ‘ది హిందూ’ 1963లో సొంత విమానాల్లో పేపర్ పంపింది, 1969లో ఫాక్సిమిలీతో (పేజీ నకలును దూరానికి పంపే పద్ధతి), 1986లో శాటిలైట్‌తో పేజీలు వేరే ఊళ్లకు పంపడం మొదలుపెట్టింది. మద్రాసు పత్రిక జాతీయ పత్రిక అయింది అలాగే. మన దగ్గరికి మాత్రం ఇవాళ్టికీ హైదరాబాద్‌లో అచ్చయి వ్యాన్‌లో భువనగిరి, ఆలేరు, జనగామ మీదుగా రావాల్సిందే. తెల్లవారకముందే ఏజెంట్లకు కట్టలు అందాలంటే మన పేజీలు ముందుగా వదలాలి. దాన్ని డాక్ ఎడిషన్ అంటారు. రాత్రి పొద్దుపోయాక ముగిసిన క్రికెట్ మ్యాచ్ స్కోరు సగంలో ఉండేది అందుకే. ఎంజీఎం ఆస్పత్రిలో రాత్రి పదకొండింటికి ఏదైనా జరిగితే అది మన ఎడిషన్‌లో ఉండదు, హైదరాబాద్ సిటీ ఎడిషన్‌లో ఉంటుంది. 2021 జులైలో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు, రెండేళ్లకోసారి మేడారం జాతరప్పుడు మనం మొదటి పేజీ ఎక్కుతాం. మిగతా రోజుల్లో రాష్ట్రం పేజీలో సింగిల్ కాలమ్.

కాబట్టి సెమినార్‌కు ఒక పని చేయండి. ఒకే తేదీ సిటీ ఎడిషన్, ఇక్కడికొచ్చిన ఎడిషన్ పక్కపక్కన పెట్టండి. ఏ వార్త లేచిపోయింది, దాని చోట ఏమొచ్చింది, ఏ ప్రకటన రెండిట్లోనూ ఉంది, ఏది సిటీలో మాత్రమే ఉంది, ఒక వారం రాసుకోండి. సిటీ ఎడిషన్ ఈ–పేపర్‌లో దొరుకుతుంది. మనకొచ్చేది మాత్రం చౌరస్తా స్టాల్లో పొద్దున్నే కొనాలి, తొమ్మిది దాటితే మిగలదు.